ఆ రాయి ఎక్కడ దొరికింది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో రాళ్లదే పైచేయి. ఫొటోలు పంపినవాళ్లకు ముందుగా ఒక మాట. ఫొటో ఎంత బాగా వచ్చినా, ఆ వస్తువు ఏ ఊళ్లో, ఏ గట్టు మీద, ఎంత లోతున దొరికిందో రాయకపోతే మేం చెప్పగలిగేది సగానికి సగం తగ్గిపోతుంది. ఇకనుంచి ఆ వివరం తప్పక జతచేయండి.

ప్రశ్న: సింహాచలం కొండ వెనక రోడ్డు పని జరిగేచోట మావాడు ఒక రాయి ఏరుకొచ్చాడు. పిడికిట్లో సరిగ్గా ఇమిడింది, అంచు పదునుగా ఉంది. రాతియుగం గొడ్డలేనని వాడి వాదన. ఫొటో పంపుతున్నాను, చూసి చెప్పండి.
– ఒక గృహిణి, అడవివరం

జవాబు: కాదండి. ఫొటోలో ఎర్రెర్రగా కనిపిస్తున్న చుక్కలు గార్నెట్ అనే ఖనిజపు గింజలు. అది ఖొండలైట్ రాయి. సింహాచలం, కైలాసగిరి, డాల్ఫిన్ నోస్ కొండలన్నీ ఆ రాయే. పొరలు పొరలుగా ఉంటుంది, సుత్తితో కొడితే పొర వెంబడి విడిపోతుంది, ఎండకూ వానకూ నానినానీ చేతిలో పొడిగా రాలుతుంది. పనిముట్టు చెక్కడానికి గాజు పగిలినట్టు పగిలే రాయి కావాలి. ఎక్కడ కొడితే అక్కణ్నుంచి, అనుకున్న వైపే పెచ్చు లేవాలి. అందుకే రాతియుగం మనుషులు క్వార్ట్‌జైట్, చెర్ట్, చెకుముకి లాంటి రాళ్ల కోసం వెతుక్కుంటూ పోయారు. అవి దొరకనిచోట పలుగురాయితో సరిపెట్టుకున్నారు.

మీవాడి ఉత్సాహం మాత్రం వృథా పోకూడదు. మనిషి కొట్టిన పెచ్చును ఎలా పోల్చుకోవాలో చెప్పండి. పెచ్చు పైకొసన చిన్న చదును ఉంటుంది, దెబ్బ తగిలింది అక్కడే. ఆ చదును కిందనే, లోపలి ముఖం మీద, కంది గింజంతో రేగిపండంతో ఉబ్బు కనిపిస్తుంది. ఆ ఉబ్బు దగ్గర మొదలై చెరువులో రాయి వేస్తే లేచే అలల్లాంటి వంపు గీతలు కిందికి సాగుతాయి. వేలితో తడిమితే కంటికంటే ముందు వేలికే తెలుస్తాయి. ఈ మూడూ ఒకే రాయి మీద ఉంటే ఆలోచించాలి. ఒక్క పదునైన అంచు చూసి తీర్మానించకూడదు, వాగులో దొర్లిన రాయికీ అంచు వస్తుంది. చేతిగొడ్డలి అయితే రెండు ముఖాల మీదా వరసగా పెచ్చులు లేచిన గుంటలు ఉండి, ముందుకు సన్నగిల్లిన బాదంగింజ ఆకారం వస్తుంది. సాధారణంగా 10 నుంచి 20 సెంటీమీటర్ల పొడవుంటుంది.

పలుగురాయి దగ్గర మాత్రం నిపుణులూ తడబడతారు. దాని లోపల సన్నటి పగుళ్లు ముందే ఉంటాయి కాబట్టి ఉబ్బు, అలలు సరిగా ఏర్పడవు, తునకలైపోతుంది. ఇంకో మోసం జేసీబీ. బకెట్ పళ్లు తగిలిన రాయికి కూడా చక్కటి పెచ్చు గుంటలు పడతాయి. తేడా రంగులో ఉంటుంది. వేల ఏళ్లనాటి గుంట మీద రాయి మిగతా ఒంటికున్న మాపు, నునుపు పట్టి ఉంటాయి. నిన్నటి గుంట లోపల రాయి పచ్చిగా మెరుస్తుంది.

మళ్లీ ఎప్పుడైనా అనుమానం కలిగించే రాయి కనిపిస్తే అక్కడినుంచి కదిలించకండి. పక్కన స్కేలు పెట్టండి. స్కేలు లేకపోతే పది రూపాయల బిళ్ల పెట్టండి, దాని వ్యాసం 27 మిల్లీమీటర్లు. పొద్దున గానీ సాయంత్రం గానీ ఏటవాలు వెలుగులో రెండు ముఖాలూ, ఒక పక్క అంచూ ఫొటో తీయండి. మిట్టమధ్యాహ్నం తీస్తే గుంటలన్నీ చదునైపోతాయి. ఫొటోలో లొకేషన్ ఆన్‌లో ఉంటే సగం పని అయినట్టే. ఆ రాయి మట్టిలో దిగబడి ఉందా, పైన పడి ఉందా అన్నది కూడా రాసుకోండి.

ప్రశ్న: ఎర్రమట్టి దిబ్బల్లో తెల్లటి గొట్టాల్లాంటివి మట్టిలోంచి పొడుచుకొచ్చి ఉన్నాయి. మనుషుల ఎముకలా?
– ఇంటర్ విద్యార్థి, భీమిలి

జవాబు: అవి వేళ్ల అచ్చులు. ఒకప్పుడు అక్కడ మొలిచిన మొక్కల వేళ్ల చుట్టూ సున్నం గడ్డకట్టింది, వేరు కుళ్లిపోయింది, గొట్టం మిగిలింది. మధ్యలో బోలుగా ఉండటం, కిందికి పోయేకొద్దీ సన్నబడటం, కొమ్మల్లా చీలటం వేరు గుర్తులు. ఎముక విరిగితే లోపల తేనెపట్టులాంటి అల్లిక కనిపిస్తుంది, బయట నున్నటి గట్టి పొర ఉంటుంది. నిమ్మరసం పిండితే వేరు అచ్చు బుసబుస పొంగుతుంది, అయితే పాత ఎముక కూడా కాస్త పొంగవచ్చు కాబట్టి ఆ పరీక్ష మీదే ఆధారపడకండి. పైగా దిబ్బలను జియలాజికల్ సర్వే భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. సూక్ష్మరాతి పనిముట్లు దొరికిన చోటు కూడా. చూసి రండి, ఇంటికి తేకండి.

ప్రశ్న: మా అమ్మాయి స్పెయిన్‌లో ఉంటుంది. పోయిన వేసవిలో అక్కడో చిన్న ఊరి మ్యూజియంకి తీసుకెళ్లింది. గుమ్మం మీద 'చరిత్రపూర్వ యుగం నుంచి రోమన్లకు ముందు కాలం దాకా' అని ఉందట. తొట్లకొండలో రోమన్ నాణేలు దొరికాయని చదివాను. మరి మనకూ 'రోమన్లకు ముందు' అనే లెక్క పనికొస్తుందా?
– విశ్రాంత ఉద్యోగి, ఎంవీపీ కాలనీ

జవాబు: అక్కడ ఆ మాటకు ఒక తేదీ ఉంది, లేదా చాలా తేదీలు ఉన్నాయి. రోమన్ సైన్యం క్రీ.పూ. 218లో స్పెయిన్ ఈశాన్య తీరాన ఎంపోరియన్ రేవులో దిగింది. ఉత్తర కొండ జాతులు లొంగేసరికి క్రీ.పూ. 19 అయింది. ఒకే దేశంలో ఒక ఊరి 'రోమన్లకు ముందు' ఇంకో ఊరికంటే 2 శతాబ్దాలు ముందే ముగిసిందన్నమాట. ఫ్రాన్సులో సీజర్ దండయాత్రలు క్రీ.పూ. 58 నుంచి 50 దాకా. బ్రిటన్ వంతు క్రీ.శ. 43లో. అందుకే అక్కడ ఊరి మ్యూజియంలో చివరి గది ఎక్కడ ముగుస్తుందో ఆ ఊరికి రోమన్ రోడ్డు ఎప్పుడు పడిందన్న దాన్నిబట్టి ఉంటుంది. ఇంకో చిక్కు: స్పెయిన్ తూర్పు తీరంలో రోమన్లు రాకముందే ఐబీరియన్ లిపి ఉంది. రాత ఉన్నచోట 'చరిత్రపూర్వ' అనలేరు, అందుకే విడిగా 'రోమన్లకు ముందు' అని చేర్చుకున్నారు.

మన దగ్గరికి రోమ్ నాణెంగా వచ్చింది, సైన్యంగా రాలేదు. తొట్లకొండలో రోమన్ వెండి నాణేలు శాతవాహన నాణేలతో కలిసి దొరికాయి. వాటివల్ల ఆ బౌద్ధ విహారానికి సముద్ర వ్యాపారంతో సంబంధం ఉందని తెలిసింది, అంతకుమించి అక్కడ కాలం మారిపోలేదు. కాబట్టి ఇక్కడ గీత గీయాలంటే రాత మొదలైనచోట గీస్తారు. ఎర్రగుడిలో అశోకుడి శాసనాలు, 1892లో అలెగ్జాండర్ రియా తవ్వించిన భట్టిప్రోలు స్తూపంలోని భరిణెల మీది అక్షరాలు ఆ గీతకు ఇటువైపు. అటువైపు ఇనుము వాడి రాకాసి గుళ్లు (పెద్ద బండరాళ్ల సమాధులు) కట్టినవాళ్లు, వాళ్లకు ముందు ఆవుల మందల పేడ కాల్చి బూడిద దిబ్బలు మిగిల్చిన కొత్తరాతియుగం వాళ్లు, ఇంకా వెనక్కి పోతే జ్వాలాపురంలో 74 వేల ఏళ్లనాటి ఇండోనేషియా టోబా అగ్నిపర్వతపు బూడిదకు కిందా పైనా రాతి పనిముట్లు వదిలినవాళ్లు.

రోమ్ పేరు చెప్పి మనవాళ్ల వస్తువును పరాయిది చేసిన సందర్భం కూడా ఉంది. లోపలి అడుగున గుండ్రంగా చుక్కల వలయాలున్న నున్నటి బూడిదరంగు పళ్లేలు తూర్పు తీరమంతా దొరుకుతాయి. 1945లో పుదుచ్చేరి దగ్గరి అరికమేడు తవ్విన పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ వాటిని రోమన్ లోకం సరుకనుకున్నాడు. తర్వాత మట్టిని పరీక్షిస్తే భారతదేశపు మట్టే అని తేలింది. మ్యూజియంలో ఇప్పటికీ ఆ పళ్లెం పక్కన 'రోమన్' అని పాత చీటీ కనిపిస్తే నమ్మక్కర్లేదు.

ప్రశ్న: ఒక మ్యూజియంలో బొగ్గు ముక్క కింద '2450 ± 30 బీపీ' అని రాశారు. 2026లోంచి తీసేస్తే క్రీ.పూ. 424 వస్తోంది. గైడ్ మాత్రం 'క్రీ.పూ. 750 నుంచి 410 మధ్య ఎప్పుడైనా కావచ్చు' అన్నాడు. ప్లస్ ఆర్ మైనస్ 30 అని అంత కచ్చితంగా రాసి, 300 ఏళ్ల సందు వదలడమేమిటి?
– ఇంజినీరు, గాజువాక

జవాబు: గైడ్ చెప్పిందే సరి. మీ తీసివేతలో మొదటి పొరపాటు, బీపీ (బిఫోర్ ప్రెజెంట్, అంటే 'ఇప్పటికి ముందు') లెక్క ఈ ఏడాది నుంచి కాదు, ఎప్పటికీ 1950 నుంచే. రెండోది, అలా తీసివేస్తే వచ్చేది క్యాలెండర్ సంవత్సరం కాదు. చెట్టులో ప్రాణం ఆగాక దానిలోని కార్బన్-14 సగానికి తగ్గడానికి 5,730 ఏళ్లు పడుతుంది, ఆ గడియారం నమ్మకమైనదే. అయితే గడియారం మొదలయ్యేటప్పుడు గాలిలో ఎంత కార్బన్-14 ఉందన్నది ఏడాదికేడాదికీ మారింది. అందుకని తేదీ తెలిసిన చెట్ల వలయాలను ఒక్కొక్కటిగా కొలిచి సరిదిద్దే రేఖ తయారుచేశారు. ఆ రేఖ క్రీ.పూ. 800 నుంచి 400 దాకా దాదాపు చదునుగా పడి ఉంటుంది. అంటే క్రీ.పూ. 700లో కాలిన కొమ్మా, క్రీ.పూ. 450లో కాలిన కొమ్మా ప్రయోగశాలలో ఇంచుమించు ఒకే అంకె చూపిస్తాయి. ఈ చదునుకు ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్ పేరు పెట్టారు. ± 30 అన్నది యంత్రం కొలతలో తేడా మాత్రమే. ఐరోపా ఇనుపయుగానికీ, మన రాకాసి గుళ్లకూ సరిగ్గా ఆ శతాబ్దాలే కావడం ఇద్దరి దురదృష్టం.

అందుకే ఒక్క బొగ్గు తేదీ మీద కట్టిన కథల్ని అనుమానంగా చూడాలి. పెద్ద మాను లోపలి చేవతో వేసిన మంటలోని బొగ్గు, ఆ మంటకంటే 100 ఏళ్లు పాతదని చూపగలదు. చేవ కట్టెలో జీవం ఎప్పుడో ఆగిపోయింది మరి. గింజ నయం. ఉలవలు, అండుకొర్రలు ఒక్క ఏడాది పంట, దక్షిణాది కొత్తరాతియుగం ఇళ్లలో మాడిన గింజలుగా దొరుకుతాయి కూడా. ఇప్పటి యంత్రాలకు కొన్ని మిల్లీగ్రాములు చాలు, ఒక్క గింజ సరిపోతుంది. తవ్వకంలో ఆ గింజను దూదిలో చుడితే పని చెడుతుంది, దూదిలోదీ కార్బనే. అల్యూమినియం రేకులో చుట్టాలి, చేత్తో ముట్టకూడదు, జిగురు సోకకూడదు. రాతికి ఈ పరీక్ష ఎందుకు చేయరని ఇంకొకరు అడిగారు. రాయి ఎన్నడూ బతికి లేదు, దానికి గడియారమే లేదు. రాతి చుట్టూ ఉన్న ఇసుక రేణువులు చివరిసారి ఎండ ఎప్పుడు చూశాయో కొలిచే పద్ధతి వేరే ఉంది.

ప్రశ్న: మా హైస్కూల్లో ఒక గదిని చిన్న మ్యూజియం చేశాం. పూర్వ విద్యార్థులు తమ పొలాల్లో ఎప్పుడో దొరికిన ఇనుప కత్తి ముక్కలు, కుండలు, సీసపు నాణేలు ఇచ్చారు. ఏడాది తిరక్కుండా కత్తి మీద నారింజరంగు బొట్లు చెమటలా పట్టాయి, కుండ మీద తెల్లటి బూజు వస్తోంది, నాణేలు పిండి రాలుతున్నాయి. ఏం చేయాలి?
– సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయురాలు, మధురవాడ

జవాబు: ముందు కాగితం పని. రాష్ట్ర పురావస్తు శాఖకు జాబితా, ఫొటోలు పంపి తెలియజేయండి. ఎవరి పొలం, ఏ సర్వే నంబరు, ఏ ఏడాది అన్నది ఇచ్చినవాళ్లు ఊళ్లో ఉండగానే రాయించుకోండి.

కత్తి సంగతి అన్నింటికంటే తొందరైనది. ఆ నారింజ బొట్లు లోపల ఉప్పు ఉందన్న గుర్తు. ఇనుములో చేరిన క్లోరైడ్ గాలిలో తేమను పీల్చుకుని లోపలినుంచి తింటోంది. మన సముద్రపు గాలిలో తేమ 70 శాతం దాటడం మామూలు, ఉప్పు పట్టిన ఇనుము నిలవాలంటే 20 శాతానికి లోపు ఉండాలి. నీళ్లతో కడగకండి, వైరు బ్రష్‌తో తుప్పు రుద్దకండి. కత్తి అసలు ఆకారం ఆ తుప్పు పొరలోనే దాగి ఉంటుంది, తుప్పు పోతే కత్తీ పోతుంది. మెత్తటి కుంచెతో మట్టి దులిపి, మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. వంటింట్లో వాడే పాలీప్రొపిలీన్ డబ్బా చాలు. లోపల ఇనుము బరువుకు తగ్గకుండా సిలికా జెల్ వేయండి: అరకిలో కత్తులుంటే కనీసం అరకిలో జెల్. చిన్న గుడ్డ సంచుల్లో పోసి పెట్టాలి, గుళికలు వస్తువుకు తగలకూడదు. తేమ చూపే కార్డు ఒకటి మూతకు కనిపించేలా అంటించండి. నారింజరంగు జెల్ కొనండి, నీలంరంగు దాంట్లో ఉండే కోబాల్ట్ పిల్లల చేతికి మంచిది కాదు. రంగు మారగానే 110 డిగ్రీల దగ్గర 3, 4 గంటలు ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. మూత ఊరికే తీసి పిల్లలకు చూపించారో, ఆ శ్రమంతా వానాకాలం ఒక్క పూటలో పోతుంది. చూపించడానికి ఫొటో గోడకు పెట్టండి.

నాణేల పిండికి కారణం మీ బీరువా అయ్యుంటుంది. ప్లైవుడ్, కొత్త టేకు, ఎండీఎఫ్ చెక్కలోంచి వచ్చే ఆమ్లపు ఆవిరి సీసాన్ని తెల్లపిండిగా మారుస్తుంది. శాతవాహనుల సీసపు నాణేలకు చెక్క పెట్టె ఎంత అందంగా ఉన్నా శత్రువే. ఈరోజే బయటికి తీసి ఇనుప బీరువాలో, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. కింద దూది, దినపత్రిక, రబ్బరు బ్యాండు వద్దు. తెల్ల ప్యాకింగ్ ఫోమ్ వేయండి. రాలిన పిండిని పిల్లలు ముట్టకుండా చూడండి, అది సీసమే.

కుండ మీది తెలుపు బూజు కాదండి, ఉప్పు. మట్టిలోని ఉప్పు కుండ గోడలోకి దిగి, ఆరినప్పుడు పైకొచ్చి గడ్డకడుతోంది. తుడిస్తే మళ్లీ వస్తుంది, వచ్చిన ప్రతిసారీ పైపొరను కాస్త పెల్లగిస్తుంది. కుండ బాగా కాలినదైతే, మీద రంగు గీతలు లేకపోతే, డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి రోజూ నీళ్లు మార్చండి. ఎప్పుడు ఆపాలో మీ కెమిస్ట్రీ ల్యాబే చెబుతుంది. పారబోసే నీళ్లు పరీక్షనాళికలో తీసుకుని, చుక్క సజల నత్రికామ్లం, రెండు చుక్కలు సిల్వర్ నైట్రేట్ వేయండి. పాలలా విరిగితే ఉప్పు ఇంకా ఉంది. తేటగా ఉంటే నీడన నెమ్మదిగా ఆరనివ్వండి. ముందుగా ఒక విడి పెంకును గంటసేపు నానబెట్టి చూడటం మరవకండి, సరిగా కాలని కుండ నీళ్లలో బురదైపోతుంది. లోపల మాడు అంటుకున్న కుండను అసలు కడగొద్దు. అందులో ఏం వండారో ఆ మాడు చెప్పగలదు.

విరిగిన పెంకులకు ఇన్‌స్టంట్ గమ్ గానీ, వడ్రంగి తెల్లజిగురు గానీ వాడారంటే తర్వాతి తరం మిమ్మల్ని తిట్టుకుంటుంది. పారలాయిడ్ బీ-72 అనే పారదర్శక జిగురు గుళికలు దొరుకుతాయి, అసిటోన్‌లో కరుగుతాయి. తప్పుగా అతికిస్తే అసిటోన్ రాసి మళ్లీ విడదీయవచ్చు, అదే దాని గొప్ప. పెంకులకు నంబర్లు వేయడానికి దాన్నే 100 మిల్లీలీటర్ల అసిటోన్‌కు 10, 15 గ్రాముల చొప్పున పలచగా కలిపి, పెంకు లోపలివైపు చిటికెన గోరంత మేర పూసి, ఆరాక ఇండియన్ ఇంకుతో నంబరు రాసి, పైన ఇంకో పూత వేయండి. విరిగిన అంచు మీద రాస్తే అతుకు కూడదు. కిటికీలు తెరిచి చేయండి, పక్కన అగ్గి ఉండకూడదు.

ప్రశ్న: రాకాసి గుళ్లలో దొరికే కుండలు లోపల నల్లగా, బయట ఎర్రగా ఉంటాయి. రెండు రంగులు పూస్తారా?
– పాఠకుడు, అనకాపల్లి

జవాబు: మట్టి ఒకటే, రంగూ పూయరు. ఆవంలో కుండను బోర్లించి, నోరు ఊకలోనో గడ్డిలోనో కూరుకుపోయేలా పెడితే లోపలికి గాలి అందదు, పొగలోని మసి మట్టిలోకి ఇంకి నలుపు తేలుతుంది. బయట గాలి ఆడుతుంది కాబట్టి మట్టిలోని ఇనుము ఎర్రబడుతుంది. మూతి చుట్టూ నల్లటి పట్టీ ఊకలో ఎంత లోతు దిగిందో చూపిస్తుంది. అది ఎప్పుడూ సమంగా ఉండదు, ఒక పక్క అంగుళం కిందికి జారి ఉంటుంది. విరిగిన అంచును చూడండి, నలుపు ఎరుపులోకి మెల్లగా కలిసిపోతుంది. భుజం మీద గీతలు కనిపిస్తే వాటి ఒడ్డు గమనించండి. పచ్చికుండ మీద గీసినదైతే ఒడ్డున మట్టి కాస్త లేచి ఉంటుంది, కాల్చాక గీసినదైతే ఒడ్డు పెచ్చులూడి గరుగ్గా ఉంటుంది. ఈ రెండో రకమే ఎక్కువ.

ప్రశ్న: మా ఊరి అమ్మవారి గుడి రావిచెట్టు కింద నున్నటి నల్లరాళ్లు మూడు ఉన్నాయి. పిడుగుతో పడ్డాయని పసుపు రాసి మొక్కుతారు. అవి కొత్తరాతియుగం గొడ్డళ్లని మా మేనల్లుడు అంటున్నాడు. మ్యూజియంకి ఇచ్చేయాలా?
– రైతు, చోడవరం

జవాబు: మీ మేనల్లుడి మాట నిజమయ్యే అవకాశం ఎక్కువ. ఒకవైపు వంపు తిరిగిన పదునంచు, రెండోవైపు మొద్దుగా సన్నగిల్లిన కొస, ఒళ్లంతా అరగదీసిన నునుపు ఉంటే గొడ్డలే. ముందు పెచ్చులు కొట్టి, తర్వాత రాతితో పొడిచి, చివర ఇసుక, నీళ్లతో బండ మీద నూరేవాళ్లు. మధ్యభాగంలో పొడిచిన గరుకు మిగిలి ఉంటుంది, అక్కడే కర్ర పిడి పట్టు దొరికేది.

మా అభిప్రాయం: గుడిలోనే ఉండనివ్వండి. ఇన్ని తరాలు కాపాడింది ఆ మొక్కుబడే. పూజారినీ పెద్దల్నీ అడిగి కొలతలు, ఫొటోలు తీసి పురావస్తు శాఖకు తెలియజేయండి. అమ్మకానికి ఎవరైనా అడిగితే మాత్రం జాగ్రత్త. 100 ఏళ్లు దాటిన వస్తువులకు 1972 నాటి పురావస్తు చట్టం వర్తిస్తుంది, వాటిని దేశం దాటించడం నేరం. పొలం దున్నుతుంటే విలువైనది బయటపడితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు చెప్పాలి. ఆ చట్టంలో విలువ హద్దు 10 రూపాయలు, ఇంకా మారలేదు.

ప్రశ్న: విశాఖలో ఇవన్నీ ఒకచోట చూడాలంటే ఎక్కడికెళ్లాలి?
– పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: బీచ్ రోడ్డు విశాఖ మ్యూజియం డచ్చి బంగళా, చూడదగ్గదే. కానీ అక్కడ ముఖ్యంగా జమీందారుల ఆయుధాలు, చిత్రాలు, రెండో ప్రపంచయుద్ధపు బాంబు లాంటి దగ్గరి చరిత్ర. తొట్లకొండ, బావికొండ, బొజ్జన్నకొండ బౌద్ధానివి. రాతియుగం నుంచి వరసగా చూడాలంటే నాగార్జునకొండ ద్వీపం మ్యూజియం నయం: పాతరాతియుగం పనిముట్ల నుంచి రాకాసి గుళ్ల కాలం దాకా ఒకే లోయలో తవ్వినవి. లేదా రైలెక్కి చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియం. 1863 మే 30న పల్లవరంలో మన దేశపు తొలి పాతరాతియుగం పనిముట్టును గుర్తించిన భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ సేకరణ అక్కడే ఉంది. రెండూ శుక్రవారం మూసి ఉంటాయి. అక్కడి రాళ్ల మీద ఎక్కడో ఒక మూల సిరాతో రాసిన చిన్న నంబరు కోసం చూడండి. రిజిస్టరులో ఆ నంబరు ఎదురుగా ఊరి పేరు ఉంటుంది.